పాట పూర్తయింది, ఇప్పుడేం చేయాలి?

నా మొదటి పాట మిక్సింగ్ అయిన రాత్రే, రెండు దాటాక, ఆత్రం ఆపుకోలేక దాన్ని స్ట్రీమింగ్ సైట్లకి పంపేశాను. నాలుగో రోజు పొద్దున్న స్పాటిఫైలో వెతికితే పాట కనిపించింది, కానీ నా పేజీలో కాదు. అచ్చం నా పేరే పెట్టుకున్న ఇంకొకాయన పేజీలో. ఆయన వాయించేది హెవీ మెటల్. నాది వేణువూ తంబురా. ఆయన అభిమానులు నా ఆలాపన మొదలైన మూడో సెకనుకే పారిపోయి ఉంటారు, వాళ్ళని తప్పుపట్టను. పాటని అక్కణ్ణుంచి విడిపించడానికి మూడు వారాలు ఉత్తరాలు రాశాను. ఈలోపు విందామని వెతికిన స్నేహితులు దొరక్క మర్చిపోయారు.

కాబట్టి ఇక్కడ వైరల్ అయ్యే చిట్కాలేం ఉండవు. ఒకసారి విన్న మనిషి రెండోసారి మిమ్మల్ని వెతుక్కోగలగాలి, మీరూ ఆ మనిషిని చేరుకోగలగాలి. ప్రచారమైనా అమ్మకమైనా కచేరీ అయినా నేను ఆ కొలతతోనే చూస్తాను.

1. పేరు తేల్చుకోండి

పెట్టుకోవాలనుకున్న పేరుని స్పాటిఫై, యాపిల్ మ్యూజిక్, యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్ అన్నింట్లోనూ కొట్టి చూడండి. ఎవరైనా వాడుతుంటే ఇంటిపేరో ఇంకో మాటో కలిపి మార్చుకోండి. ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక్కటే స్పెల్లింగ్ ఖాయం చేసి, కాగితం మీద రాసి ఎదురుగా అంటించుకోండి. ఒక పాటకి ఒక 'ఎ', ఇంకో పాటకి రెండు 'ఎ'లు పడితే కంప్యూటర్ దృష్టిలో మీరు ఇద్దరు మనుషులు. ఫాలోయర్లు సగం అటు, సగం ఇటు.

మీ పాటని అన్ని సైట్లకీ చేరవేసేది డిస్ట్రిబ్యూటర్. డిస్ట్రోకిడ్, ట్యూన్‌కోర్, సీడీ బేబీ లాంటివి. ఫారం నింపేటప్పుడు ఈ కళాకారుడికి ఇదివరకే పేజీ ఉందా అని ఒక ప్రశ్న వస్తుంది. నేను చూడకుండా దాటేసింది దాన్నే.

2. హక్కుల కాగితం రాసుకోండి

విసుగనిపించే పనే, కానీ డబ్బు పోయేదీ స్నేహాలు చెడేదీ ఎక్కువగా ఇక్కడే. ఒక పాటలో రెండు ఆస్తులుంటాయి. బాణీ, సాహిత్యం కలిసి ఒకటి. వాటిని పాడి, వాయించి చేసిన రికార్డింగ్ రెండోది. ఇద్దరు గాయకులు ఒకే పాటని వేరువేరుగా రికార్డు చేస్తే రచన ఒకటే, రికార్డింగులు రెండు. ఈ రెండు ఆస్తులకీ డబ్బు వేరువేరు దారుల్లో వస్తుంది. రికార్డింగ్ తాలూకు స్ట్రీమింగ్ డబ్బు డిస్ట్రిబ్యూటర్ ద్వారా వస్తుంది. మీ రచనని ఎవరైనా బయట వినిపించినందుకు, అంటే రేడియోలోనో హాల్లోనో హోటల్లోనో వాడినందుకు, రావలసింది రచయితల హక్కుల సంఘం ద్వారా వస్తుంది. డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఖాతా ఉంది కదా, అన్నీ వస్తాయిలే అనుకుని రెండో దారిలో అడుగే పెట్టనివాళ్ళు చాలామంది.

ఈ సంఘాలు పుట్టిన కథ సరదాగా ఉంటుంది. 1847లో ఎర్నెస్ట్ బూర్జే అనే రచయిత పారిస్‌లో ఒక కెఫేలో స్నేహితులతో కూర్చున్నాడు. అక్కడి బృందం వాళ్ళ పాటలే పాడుతోంది. బిల్లు రాగానే కట్టనన్నాడు. మా పాటలు మీరు ఊరికే వాడుకుంటుంటే, మీ కుర్చీలకీ పానీయాలకీ మేమెందుకు ఇవ్వాలన్నది ఆయన వాదన. గొడవ కోర్టుకెక్కింది, రచయితల వైపు తీర్పొచ్చింది. 1851లో సాసెమ్ అనే సంఘం ఏర్పడింది, ఇప్పటికీ నడుస్తోంది. మీ దేశంలో పనిచేసే సంఘం ఏదో చూసి సభ్యులుగా చేరండి. చేరి ఊరుకోకుండా ప్రతి పాటనీ విడిగా నమోదు చేయండి. కచేరీల్లో పాడిన పాటల జాబితా పంపితే దానికీ లెక్క కట్టే సంఘాలున్నాయి. మీ సంఘం నియమం కనుక్కోండి.

తర్వాత వాటాల కాగితం. పాట పూర్తయిన రోజే, అందరూ నవ్వుతూ ఉన్నప్పుడే రాయాలి. బాణీలో ఎవరిది ఎంత శాతం, సాహిత్యంలో ఎంత, రికార్డింగ్‌లో ఎంత, ఒక్కో దాంట్లో మొత్తం 100 కావాలి. తబలా వాయించినవారికి ఒకేసారి పారితోషికం ఇచ్చి ముగించారా, వాటా ఇస్తానన్నారా అన్నది కూడా. ఒక పేజీ, తేదీ, సంతకాలు చాలు. "మన మధ్య కాగితాలేంటి" అనేవాళ్ళే తర్వాత "నాకు ముప్ఫై అన్నావు కదా" అంటారు. ఆ ముప్ఫై అన్నది నేనో కాదో నాకే గుర్తులేని రోజు ఒకటి వచ్చింది, అందుకే చెప్తున్నాను.

కొనుక్కున్న బీట్ (వేరేవాళ్ళు తయారుచేసి అమ్మే నేపథ్య సంగీతం) మీద పాడితే లైసెన్స్ చివరి వరకూ చదవండి. అదే బీట్‌ని ఇంకా పదిమందికి అమ్మే హక్కు అమ్మినవారికి ఉంటే, మీ పాటని యూట్యూబ్ కంటెంట్ ఐడీలో (ఎవరి వీడియోలో మీ పాట వినిపించినా పట్టుకునే వ్యవస్థ) పెట్టకూడదు. అందరూ వాడుకునే లూపులకీ, అంటే రెడీమేడ్ శబ్దం ముక్కలకీ, ఇదే నియమం. డిస్ట్రిబ్యూటర్ ఫారంలో ఆ గడి టిక్కు పెట్టడానికి తేలిగ్గానే కనిపిస్తుంది. టిక్కు పెడితే అదే బీట్ వాడిన మిగతావాళ్ళ వీడియోల మీదికి మీ పేరుతో నోటీసులు వెళ్తాయి, వాళ్ళు మిమ్మల్ని దొంగ అంటారు.

3. ఫైళ్ళు, కోడ్లు

మాస్టర్ ఫైలు, అంటే సైట్లకి పంపే చివరి ఫైలు, వేవ్ రూపంలో ఉండాలి, 44.1 కిలోహెర్ట్జ్, 16 లేదా 24 బిట్. ఎంపీ3 పంపకండి. శబ్దాన్ని విపరీతంగా పెంచి మాస్టర్ చేస్తే అందరికన్నా గట్టిగా వినిపిస్తుందనుకోవడం పాతకాలపు భ్రమ. స్పాటిఫై మామూలు సెట్టింగులో అన్ని పాటల్నీ దాదాపు మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్ (చెవికి తెలిసే గట్టిదనానికి కొలత) దగ్గరికి తెచ్చి వినిపిస్తుంది. మీరు నలిపి పెంచిన పాటని అది తగ్గిస్తుంది, నలిగింది మాత్రం నలిగినట్టే ఉంటుంది.

ముఖచిత్రం చదరంగా, పొడవూ వెడల్పూ 3000 పిక్సెళ్ళ చొప్పున. దాని మీద వెబ్‌సైట్ అడ్రసు, ఇన్‌స్టా ఐడీ రాస్తే సైట్లు తిప్పి పంపుతాయి. గొంతు లేని వెర్షన్ కూడా ఇప్పుడే తీసి దాచుకోండి. వీడియోలకి నేపథ్య సంగీతం కావలసినవాళ్ళు అడిగేది ముందు అదే.

ప్రతి రికార్డింగ్‌కీ ఐఎస్ఆర్‌సీ అని 12 అక్షరాంకెల కోడ్ ఉంటుంది. మామూలుగా డిస్ట్రిబ్యూటరే ఇస్తారు. దాన్ని ఎక్కడైనా రాసి పెట్టుకోండి. రేపు డిస్ట్రిబ్యూటర్‌ని మారిస్తే, అదే ఫైలు, అదే కోడ్, అవే పేర్లతో ఎక్కించాలి. అప్పుడు పాత ప్లేల లెక్క కొత్తదానికి కలుస్తుంది. కొత్త కోడ్ తీసుకుంటే అదే పాట మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. లైవ్ వెర్షన్‌కీ రీమిక్స్‌కీ మాత్రం వేరే కోడ్లు ఉండాల్సిందే.

4. తేదీ పెట్టుకోండి, దూరంగా

ఫైలు పంపిన రోజు నుంచి విడుదలకి కనీసం నాలుగు వారాలు, వీలైతే ఆరు. ఆ వ్యవధి అలంకారానికి కాదు. ప్లేలిస్టులు తయారుచేసే స్పాటిఫై ఎడిటర్లకి పాటని పరిచయం చేసే ఫారం విడుదలకి ముందే నింపాలి, ఒకసారికి ఒక పాటే. విడుదలకి కనీసం 7 రోజుల ముందు నింపితే మీ ఫాలోయర్లకి కొత్త పాటలు చూపించే ప్లేలిస్టు, రిలీజ్ రాడార్‌లోకి ఆ పాట వెళ్తుంది. ఎడిటర్లు తీసుకోకపోయినా ఇది దక్కుతుంది, అందుకే మానకండి. ఫారంలో "హృదయాల్ని తాకే మెలోడీ" అని రాయకండి. వేణువు, నెమ్మది తాళం, రాత్రి ప్రయాణంలో వినేది, నాన్న మీద రాసినది అని ఉన్నదున్నట్టు రాయండి. చదివేవాళ్ళు పాటని ఏ గంపలో వేయాలో చూస్తారు.

5. ప్రచారం

ముందు ఈమెయిల్ జాబితా. పాతకాలపు మాటలా వినిపిస్తుందని తెలుసు. ఫాలోయర్లు పదివేలున్నా మీ పోస్టు వాళ్ళలో ఎవరికి చూపించాలో కంపెనీ నిర్ణయిస్తుంది. జాబితాలో రెండొందల మంది ఉంటే, రెండొందల మందికీ మీరే నేరుగా రాయొచ్చు. ఖాతా మూతపడ్డా జాబితా మీతోనే ఉంటుంది. ప్రతి ప్రొఫైల్లో, ప్రతి వీడియో కింద ఉండాల్సిన మొదటి లింకు అదే. చేరినవాళ్ళకి ఏదో ఒకటి ఇవ్వండి, విడుదల చేయని ఒక రికార్డింగో, పాట రాసుకున్న కాగితం ఫొటోనో. అడగకుండా ఎవరి అడ్రసూ జాబితాలో వేయకండి. మానేయాలనుకున్నవాళ్ళకి ఒక్క నొక్కుతో మానేసే దారి ఉంచండి.

ఇక చిన్న వీడియోలు. కొండంత రాగం తీసి గోరంత పాట పాడితే ఇక్కడ కుదరదు. ఉపోద్ఘాతం, నమస్కారం, "ఈ పాట గురించి చెప్పాలంటే" అన్నీ తీసేసి పల్లవిలో బలమైన చోట మొదలుపెట్టండి. ఒకే పాటకి పది రకాల ముక్కలు చేయవచ్చు. పాడుతున్నది, ఒక్క వాయిద్యమే వినిపించేది, తప్పు పాడి నవ్వుకున్నది, చరణంలో మాట మార్చిన కథ. నా అనుభవంలో జనం ఆగి చూసింది బాగా వెలుతురు పెట్టి తీసినవాటిని కాదు. వేణువులో ఊపిరి సరిపోక ఆగిపోయి, మళ్ళీ ఎత్తుకున్నదాన్ని.

ప్లేలిస్టు నడిపేవాళ్ళకీ సంగీతం గురించి రాసేవాళ్ళకీ పంపే ఉత్తరం అయిదు వాక్యాలు దాటకూడదు. వాళ్ళ జాబితాలో మీరు నిజంగా విన్న ఒక పాట పేరు, మీ పాట దాని పక్కన ఎందుకు ఇముడుతుందో ఒక్క మాట, వినడానికి ఒక్క లింకు. ఫైళ్ళు అంటించకండి. వారం తర్వాత ఒకసారి గుర్తుచేయండి, అంతే.

"ఇంత కడితే పదివేల ప్లేలు" అన్న మెసేజ్ మీకు తప్పకుండా వస్తుంది. ఆ ప్లేలు చేసేవి యంత్రాలు. పట్టుబడితే డబ్బు ఆపేస్తారు, పాట తీసేస్తారు. 2024 నుంచి స్పాటిఫై అలాంటి పాటలకి డిస్ట్రిబ్యూటర్ల మీద జరిమానా వేస్తోంది, అది తిరిగి మీ ఖాతాకే వచ్చి పడొచ్చు. పైగా యంత్రాలు విన్నదాన్ని బట్టి సైటు మీ పాటని ఎవరికి చూపించాలో లెక్క వేసుకుంటుంది. అసలు శ్రోతలకి చేరే దారి మూసుకుపోతుంది.

6. అమ్మకం

స్ట్రీమింగ్‌లో ఒక్కో ప్లేకి ఇంత అని ఖాయమైన ధర లేదు. ఆ నెల వసూలైన డబ్బు కుండలో మొత్తం ప్లేలలో మీ వంతు ఎంతో అంతే వస్తుంది. 2024 నుంచి స్పాటిఫైలో గత 12 నెలల్లో 1000 ప్లేలు కూడా రాని పాటకి రికార్డింగ్ డబ్బు లెక్కలోకే రాదు. కాబట్టి స్ట్రీమింగ్‌ని దుకాణం ముందున్న బోర్డులా చూడండి. గల్లాపెట్టె వేరేచోట పెట్టుకోవాలి.

గల్లాపెట్టెగా నాకు నచ్చినది బ్యాండ్‌క్యాంప్. కళాకారులు శ్రోతలకి నేరుగా పాటలూ వస్తువులూ అమ్ముకునే సైటు, 2008 నుంచి ఉంది. డిజిటల్ అమ్మకాల మీద 15 శాతం, వస్తువుల మీద 10 శాతం తీసుకుంటుంది, డబ్బు బదిలీ ఖర్చు వేరు. 2020 మార్చి నుంచి కొన్ని శుక్రవారాల్లో ఆ వాటా కూడా వదిలేస్తోంది. పాత పాటల్ని గుర్తుచేయడానికి ఆ రోజులు మంచివి. ధర పెట్టేటప్పుడు "కనీసం ఇంత, ఆపైన మీ ఇష్టం" అన్న సెట్టింగ్ వాడండి. అడిగినదానికన్నా ఎక్కువ ఇచ్చేవాళ్ళు ఉంటారు, మొదటిసారి చూసినప్పుడు పొరపాటున నొక్కారేమో అనుకున్నాను. కొన్నవాళ్ళు ఒప్పుకుంటే వాళ్ళ ఈమెయిల్ కూడా మీకు దక్కుతుంది, అది నాకు ధర కన్నా ముఖ్యం.

వస్తువుల దగ్గర ఆశ తగ్గించుకోండి. టీ షర్టులు అయిదు సైజుల్లో వేయిస్తే చివరికి మంచం కింద మిగిలేది ఎప్పుడూ మరీ చిన్నదీ, మరీ పెద్దదీ. సాహిత్యం అచ్చువేసిన చిన్న పుస్తకం, వెనక డౌన్‌లోడ్ కోడ్, లోపల సంతకం. సైజులుండవు, బరువుండదు, మడిచి జేబులో పెట్టుకుంటారు. వినైల్ రికార్డు అందంగానే ఉంటుంది, కానీ ముందస్తు ఆర్డర్లు ఖర్చుకి సరిపడా వచ్చాకే ఫ్యాక్టరీకి పంపండి.

7. కచేరీ

ఇది అన్నింటికన్నా పెద్ద పని, ఎందుకంటే మనిషి ఎదురుగా ఉండేది ఇక్కడే.

హాలువాళ్ళకి రాసేటప్పుడు ఒక లైవ్ వీడియో లింకు, ఎంతమంది వాయిస్తారు, ఎంతసేపు, ఏ తేదీలు కుదురుతాయి, ఎంతమందిని రప్పించగలరు రాయండి. ఆ చివరి సంఖ్య పెంచకండి. యాభై అని చెప్పి యాభై అయిదుగురు వస్తే మళ్ళీ పిలుస్తారు, రెండొందలు అని చెప్పి ఎనభై మంది వస్తే పిలవరు. మొదట్లో ఒంటరిగా కచేరీ పెట్టుకోవడం కన్నా మీ తరహాలో పాడే ఇంకో ఇద్దరితో కలిసి పెట్టుకోండి. వాళ్ళ శ్రోతలు మీవాళ్ళవుతారు.

డబ్బు ఒప్పందాలు మూడు రకాలు. ఖాయమైన మొత్తం, టికెట్లలో వాటా, లేదా రెండింట్లో ఏది ఎక్కువైతే అది. వాటా అన్నప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: వాటా తీసేది మొత్తం వసూళ్ళ మీదా, ఖర్చులు పోను మిగిలినదాని మీదా? ఖర్చులు పోను అంటే ఆ ఖర్చుల పట్టిక ముందే రాతలో కావాలి. ఒకచోట హాలు నిండింది. రాత్రి పదకొండింటికి లెక్క దగ్గర కూర్చుంటే సౌండ్, లైట్లు, గేటు దగ్గర మనిషి, శుభ్రం చేసినవారు, చివరికి పోస్టర్ అంటించిన టేపు కూడా జాబితాలో ఉంది. మేం నలుగురం ఇంటికి తీసుకెళ్ళింది ఆటో ఖర్చులు. టికెట్లు ముందే మీరు కొని అమ్ముకోండి అనేవాళ్ళ దగ్గరికి అసలు వెళ్ళకండి.

హాలుకి రెండు కాగితాలు ముందే పంపాలి. ఒకటి స్టేజి బొమ్మ, ఎవరు ఎక్కడ నిలబడతారు, ఎవరికి కరెంటు కావాలి అన్నది. రెండోది ఇన్‌పుట్ల జాబితా:

1 – గొంతు, మామూలు మైక్
2 – వేణువు, స్టాండుతో కండెన్సర్ మైక్ (మిక్సర్ నుంచి 48 వోల్టుల కరెంటు కావాలి)
3 – గిటార్, డీఐ బాక్స్ (వాయిద్యాన్ని మైక్ లేకుండా నేరుగా మిక్సర్‌కి కలిపే పెట్టె)
4, 5 – తబలా, రెండు మైకులు
6 – ల్యాప్‌టాప్, డీఐ బాక్స్

ఇది చూసిన సౌండ్ ఇంజనీర్ మొహంలో వచ్చే మార్పు చూడదగ్గది. వెళ్ళగానే వారి పేరు అడిగి, ఆ పేరుతోనే పిలవండి. ఆ రాత్రి మీరు ఎలా వినిపిస్తారన్నది వారి చేతుల్లో ఉంది.

సౌండ్ చెక్‌లో మీరు కచేరీలో ఎంత గట్టిగా పాడతారో అంతే గట్టిగా పాడండి. "హలో, చెక్, వన్, టూ" అని గొణిగి, తర్వాత పల్లవిలో గొంతెత్తితే ముందు పెట్టిన లెక్కంతా వృథా. తాళవాద్యాలు ముందు, తర్వాత మిగతావి, చివర గొంతు, ఆపైన అందరూ కలిసి ఒక పాటలో అన్నింటికన్నా గట్టి చోటు. మైక్ కుయ్యిమంటే చాలామంది చేసే పని దాని తలని అరచేత్తో మూయడం. అప్పుడది ఇంకా అరుస్తుంది. స్టేజి మైకులు చాలావరకు ముందునుంచి వచ్చే శబ్దాన్ని పట్టుకుని వెనకది వదిలేసేలా తయారైనవి. తలని కప్పేస్తే ఆ ఏర్పాటు చెడి అన్ని వైపులా వినడం మొదలుపెడుతుంది. పిడి దగ్గర పట్టుకోండి, మానిటర్ స్పీకర్ (మీరు మీకు వినిపించడానికి స్టేజి మీద పెట్టేది) మైక్ వెనక వైపు ఉండేలా నిలబడండి. ఖాళీ హాలు ఎక్కువ మోగుతుంది, జనం నిండాక వాళ్ళ ఒళ్ళూ బట్టలే శబ్దాన్ని పీల్చేస్తాయి. చెక్‌లో ప్రతిధ్వని ఎక్కువనిపిస్తే కంగారుపడి అంతా మార్చేయకండి.

చెవులు కాపాడుకోండి. 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు భరించవచ్చని ఒక ప్రమాణం, ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకీ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గరికి వచ్చేసరికి మిగిలేది 15 నిమిషాలు. సంగీతకారుల కోసం చేసే ఇయర్‌ప్లగ్గులు శబ్దాన్ని తగ్గిస్తాయి గాని చెడగొట్టవు.

వరుసలో మీకు బాగా అలవాటైన పాట ముందు పెట్టుకోండి, కొత్తది మూడోదో నాలుగోదో. మధ్యలో తీగలు సరిచేసుకునే నిశ్శబ్దానికి ఒక మాట సిద్ధంగా ఉంచుకోండి. చివరి పాటకి ముందు, చివరి పాట తర్వాత కాదు, మీ పేరు మళ్ళీ చెప్పి మీ వస్తువులు అమ్మే బల్ల ఎక్కడుందో చూపించండి. తర్వాత చెప్తే సగం మంది అప్పటికే లేచి ఉంటారు.

ఆ బల్ల గురించి. బయటికి వెళ్ళే దారి పక్కన ఉండాలి, దాని మీద సొంతంగా ఒక దీపం ఉండాలి. హాలువాళ్ళ లైట్లు ఆరిపోతాయని నాకు తెలిసింది చీకట్లో చిల్లర లెక్కపెట్టుకున్నప్పుడు. ధరలు పెద్ద అక్షరాల్లో రాసి పెట్టండి, అడగడానికి మొహమాటపడి వెళ్ళిపోయేవాళ్ళు ఎక్కువ. ఫోన్లో డబ్బు కట్టడానికి క్యూఆర్ కోడ్, చిల్లర డబ్బా, అమ్మేముందు ఎన్ని ఉన్నాయో రాసుకున్న చీటీ. అమ్మడానికి ఒక స్నేహితుణ్ణి కూర్చోబెట్టి, మీరు బల్ల ముందువైపు నిలబడండి. కచేరీ అయిన రెండు నిమిషాల్లో అక్కడ ఉండాలి, వైర్లు చుట్టడం తర్వాత.

బల్ల మీద అన్నింటికన్నా ముఖ్యమైనది పేర్లు రాసే పుస్తకం. పెన్ను దారంతో కట్టేయండి, లేకపోతే మూడో మనిషి జేబులోకి వెళ్తుంది. ఒకసారి నలభైమంది రాశారు, ఇంటికొచ్చి చూస్తే పదకొండు అడ్రసులు ఎంత కళ్ళు చికిలించినా చదవడానికి రాలేదు. అప్పట్నుంచి పక్కన ట్యాబ్ కూడా పెడుతున్నాను. పుస్తకం మాత్రం తీసేయలేదు. రాస్తూ ఆగి "రెండో పాట ఎవరి గురించి?" అని అడిగేవాళ్ళు పుస్తకం దగ్గరే అడుగుతారు.

8. మర్నాడు

పొద్దున్నే, మధ్యాహ్నం దాటకుండా, ఆ పుస్తకంలో వాళ్ళకి ఒక చిన్న ఉత్తరం రాయండి. నిన్న వచ్చినందుకు సంతోషం, నిన్న పాడిన పాట లింకు ఇది, మళ్ళీ పాడేది ఫలానా తేదీన. హాలువాళ్ళకీ సౌండ్ ఇంజనీర్‌కీ విడిగా ఒక్కో వాక్యం. తర్వాత వచ్చింది, పోయింది, అమ్మినవి, మిగిలినవి ఒకే పట్టికలో వేసుకోండి. వాటాల కాగితం ప్రకారం ఎవరి డబ్బు వారికి ఆ వారంలోనే పంపేయండి. పాడిన పాటల జాబితా హక్కుల సంఘానికి. ఉత్తరాల్లో రెండు మూడు తిరిగొస్తాయి. పుస్తకం తీసి చూడండి, సాధారణంగా 'ఎ' అనుకున్నది 'ఓ' అయి ఉంటుంది.